సగం కక్కులు పడిన కొడవలి

నేను ఒక కక్కుకొడవలిని. వరి కోసే అంచుకు రంపంలా సన్నని పళ్ళుంటాయి నాకు. వాటినే మా ఊళ్ళో కక్కులంటారు. పాత లారీ కమాన్‌పట్టీని కొలిమిలో కాల్చి నన్ను సాగదీసినవాడు కమ్మరి కనకాచారి. నాతో వరి కోసింది శంకరవ్వ. పదకొండు పంటలు ఆమె అరచేతిలోనే గడిచాయి. పిడి మీది మూడు అడ్డగీతలు ఆ ఇంటి గుర్తు. ఆమె భర్త రాజలింగు గీసినవి.

ఏటా కోతలకు ముందు కొడవళ్ళమంతా కొలిమికి చేరతాం. చారి మా అరిగిన పళ్ళను ఆకురాయితో రాసేసి, అంచును బోడి చేసి, ఉలితో ఒక్కొక్కటే కొత్త కక్కు కొడతాడు. ఆ రోజు నన్ను దాగలి దిమ్మె మీద పెట్టి, పిడి వైపు నుంచి కొట్టుకుంటూ నడుమ దాకా వచ్చాడు. అప్పుడు రోడ్డు వైపు నుంచి తుపాకీ పేలింది. సుత్తె గాలిలోనే ఆగిపోయింది.

కాలువ కోసం పొలాలు తీసుకోవద్దని ఊరివాళ్ళు రోడ్డు మీద కూర్చున్నారు. పోలీసుల తూటా రాజలింగు ఛాతీకి తగిలింది. అక్కడే ప్రాణం పోయింది.

గంట తిరగకముందే ఒక హెడ్ కానిస్టేబుల్ కొలిమికి వచ్చాడు.

“ఏ చారీ, రాజలింగు ఇంటి కొడవలేది?”

“అదింక పని గాలె సారూ.”

“దాని పనితోటి నాకేం పని? నోరు మూసుకొని ఇయ్యి. కొలిమి నడవాల్నా, వద్దా?”

ఇంటి గుర్తు ఎవరినడిగి వచ్చాడో, గీతలు చూసి మరీ నన్నే ఏరుకున్నాడు. పిడిని అంత శ్రద్ధగా చూసినవాడు అంచు చూడలేదు. రోజూ అన్నం తినే చెయ్యే అది, వరి కోసిన చెయ్యి మాత్రం కాదు. గుడ్డలో చుట్టి లక్క ముద్ర వేశారు. రాజలింగు ఈ కొడవలితో ఎస్సై మీదికి దూకాడనీ, ఆత్మరక్షణకు కాల్చవలసి వచ్చిందనీ కాగితం రాశారు.

మూడు నెలలకు పంచాయతీ ఆఫీసులో విచారణ పెట్టారు. నన్ను ఆర్డీఓ మేడం బల్ల మీద ఉంచారు. గుడ్డలోంచి శంకరవ్వ గొంతు గుర్తుపట్టాను.

“నా మొగడు కొడవలెత్తిండని రాసిన్రు మేడం. ఆ ఒక్క మాట కొట్టెయ్యున్రి. ఇంకేమడగ.”

“చూసినవాళ్ళు ఎవరైనా చెప్పండి” అన్నారు మేడం. గుమ్మం దగ్గర పోలీసులున్నారు. ఊరు ఊరంతా నేల చూసింది. అప్పుడు కనకాచారి లేచాడు. మూడు నెలలు నోరు విప్పని మనిషి. గుమ్మం వైపు భయంగా ఒకసారి చూసి, మేడం బల్ల దగ్గరికి వచ్చాడు.

“ముద్ర ఇప్పున్రి మేడం. పిడి దిక్కు కొత్త కక్కులుంటయ్. కొస దిక్కు బోడిగుంటది. మూట ఇప్పకముందే చెప్తున్న.”

లక్క పగిలింది. మేడం నా అంచు మీద బొటనవేలు నెమ్మదిగా జరిపారు. గరగరలాడుతూ నడుమ దాకా వచ్చిన వేలు, అక్కణ్ణుంచి నున్నగా జారిపోయింది. పక్కనున్న కోత మనిషి ఒకామెను పిలిచి చూడమన్నారు.

“దీంతోటి గడ్డి సుత తెగదు మేడం. పొలానికే తీస్కపోం, కొట్లాటకు తీస్కపోతమా?”

“సగంలో ఎందుకు ఆపావు?” అన్నారు మేడం.

“తుపాకి సప్పుడైంది మేడం. చెయ్యాగింది.”

గుమ్మం దగ్గరి కానిస్టేబుల్ ఒకడు టోపీ తీసి చేత పట్టుకున్నాడు. ఎన్ని ఎకరాలు కోశానో నాకు గుర్తులేదు. కానీ భయపడ్డ ఒక ముసలివాడి మాటకు గదంతా ఊపిరి బిగబట్టడం అంతకుముందు ఎరగను. కోయలేని నా సగం అంచే శంకరవ్వకు అక్కరకొచ్చింది. ఇనుముకు ఒళ్ళు జలదరిస్తుందని ఆ రోజే తెలిసింది.

చనిపోయిన వ్యక్తి చేతిలో ఆయుధం లేదని మేడం నివేదికలో రాశారట. కాల్చినవాళ్ళ మీద కేసు ఇంకా నడుస్తోంది. నేను రికార్డు గదిలో, చీటీ కట్టించుకుని, పడి ఉన్నాను. తోచనప్పుడల్లా ఆ రోజు నన్ను మళ్ళీ మూట కట్టేముందు విన్న రెండు మాటలే తలుచుకుంటాను.

“బాపూ, ఇది ఇంటికొస్తే మిగిలిన సగం కొడ్తవా?” అని అడిగింది శంకరవ్వ.

చారి నా నడుమన, ఆఖరి కక్కు మీద వేలు పెట్టాడు.

“కొట్టను బిడ్డా. ఈ కక్కు కొట్టేదాక రాజలింగు బతికుండె.”