మ్యాపులో లేని దేశం

డిగ్రీ చదివిన మొదటి మనిషి ఏ ఇంట్లోనైనా ఇంటిల్లిపాదికీ గుమాస్తా అయిపోతుంది. బ్యాంకు నుంచి కాగితమొచ్చినా, మందుసీసా మీద అక్షరాలు చదవాలన్నా, కరెంటు బిల్లు ఎందుకంత వచ్చిందని అడగాలన్నా ఆమెనే పిలుస్తారు. టీచరుకి అదంతా అలవాటే. అలవాటు లేనిదల్లా కన్నతల్లి వచ్చి తన క్లాసులో ముందు బెంచీ మీద కూర్చోవడం.

"గుడ్ ఈవినింగ్, టీచర్ గారూ," అనేది తల్లి రోజూ, వంగి వంగి. అంతకు కాసేపటి ముందు ఇంట్లో "తల దువ్వుకోవే, దెయ్యంలా ఉన్నావు" అని తిట్టిన నోటితోనే.

సైకిళ్ళ షాపు మీద మేడగది టీచరు పనిచేసే ఇన్‌స్టిట్యూట్. న్యూజిలాండ్‌లో పాడి ఆవుల ఫారాల్లో పనికి మనుషుల్ని తీసుకునే కంపెనీ ఒకటి అక్కడ ఇంగ్లీషు క్లాసు పెట్టించింది. పాలవ్యాను డ్రైవరు, ఒక వెల్డరు, డిగ్రీ తప్పిన కుర్రాళ్ళు కొందరు, వాళ్ళ మధ్య తల్లి. ఆమె పాలకేంద్రంలో క్యాన్లు కడిగే మనిషి. అంతకుముందు ఇళ్ళకెళ్ళి పశువుల పాలు పితికేది. భర్త పోయాక అదే పనితో కూతుర్ని చదివించింది. కూతురు చదువు అయిపోయింది, ఇక తన సంగతి చూసుకుంటానంది. అది కూడా అడిగినట్టు కాదు, వర్షం వస్తోంది బట్టలు తియ్యి అన్నట్టు చెప్పింది.

"వాళ్ళు హౌ ఆర్ యూ అంటే ఏమనాలి?" అని అడిగింది టీచరు ఒకరోజు.

"ఐ యామ్ ఫైన్, థ్యాంక్యూ!" క్లాసంతా ఒకే గొంతు.

"తప్పు కాదు. కానీ అక్కడ చాలామంది నాట్ బ్యాడ్ అంటారు. బానే ఉన్నామని దానర్థం."

"అంటే మన 'పర్లేదు'," అంది తల్లి. "బాగున్నామంటే దిష్టి తగులుతుందని వాళ్ళకీ భయమే అన్నమాట. ఇంకేం, మనవాళ్ళే!"

క్లాసు ఘొల్లుమంది. టీచరు నవ్వాపుకుని బోర్డు వైపు తిరిగింది.

కోర్సు చివర పరీక్ష ఒక్కటే. కంపెనీ మనిషి ముందు నిలబడి న్యూజిలాండ్ గురించి ఇంగ్లీషులో మాట్లాడాలి. మార్కులు వేసేది టీచరు. పదికి ఆరు వస్తే పాసు, పాసైనవాళ్ళకి ఇంటర్వ్యూ. మాట్లాడాల్సిందంతా ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు ముందే రాసిచ్చాడు. 'దయచేసి మ్యాపు చూడండి, న్యూజిలాండ్ ఇక్కడుంది' అన్నది మొదటి వాక్యం.

ఆ వాక్యం వల్లించడానికి తల్లి కర్ర పట్టుకుని గోడ మీది ప్రపంచపటం దగ్గరికి వెళ్ళి, ఆగిపోయింది.

"ఏదే?"

"క్లాసులో ఏదే అనకూడదు. కుడివైపు, అడుగున."

"కుడివైపు అడుగున మ్యాపు అమ్మినవాడి ఫోన్ నంబరుంది, టీచర్ గారూ."

టీచరు దగ్గరికెళ్ళి చూసింది. నిజమే. ఆస్ట్రేలియా ఉంది, పక్కన నీలం రంగు నీళ్ళున్నాయి, తర్వాత షాపు పేరూ నంబరూ. దేశం లేదు. కోర్సు మొదలైన దగ్గర్నుంచీ తాను ఆ నంబరు మీదే కర్ర పెట్టి పాఠం చెప్పింది. ఆమెకి చెవులు వేడెక్కాయి.

వేరే మ్యాపు తెమ్మంటే డైరెక్టరు కొట్టిపారేశాడు. "కర్ర అటువైపు ఊపితే చాలమ్మా. కంపెనీవాడు కళ్ళద్దాలు తుడుచుకుని వచ్చి చూస్తాడా?"

ఆ వారమే మావయ్య ఇంటికొచ్చాడు. చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టాడు. "అక్కా, నీకేమన్నా మతి పోయిందా? పెళ్ళి కావాల్సిన పిల్లని ఇంట్లో పెట్టుకుని నువ్వు విమానమెక్కుతావా? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగురూ నా క్యాన్లు కడగడానికి ఎప్పుడన్నా వచ్చార్రా?"

"అది కాదక్కా, పిల్ల పెళ్ళి..."

"పెళ్ళి దానిది. విమానం నాది. టీ తాగుతావా, వెళ్తావా?"

మావయ్య టీ తాగాడు. గ్లాసు కింద పెడుతూ మేనకోడలి వైపు తిరిగి, "చదువుకున్నదానివి, నువ్వైనా చెప్పవే," అన్నాడు. ఆమె ఖాళీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

పరీక్ష ముందురోజు డైరెక్టరు టీచరుని తన గదిలోకి పిలిచాడు. "కూర్చోమ్మా. కంపెనీకి కావాల్సింది పాతికేళ్ళ కుర్రాళ్ళు. మీ అమ్మగారిని నిలబెడితే మన దగ్గర వేరే మనుషులే లేరనుకుంటారు. వచ్చేనెల నిన్ను పర్మనెంటు చేద్దామనుకుంటున్నాను. ఆమెకి ఐదు మార్కులే వెయ్యి."

"ఇంకా మాట్లాడనే లేదు కదా సార్, మార్కులెలా వేస్తాను?"

"కూతురే వేసిందంటే ఎవడూ నోరెత్తడు. ఆలోచించుకో."

ఆలోచించుకుంటూనే మెట్లు దిగింది. డైరెక్టరు మీద కోపం సరే, అది తేలిక. అసలు బాధ వేరే ఉంది. లోపల ఏదో మూల, 'పోనీ, ఐదు వేసెయ్' అని ఒక గొంతు అంది. అమ్మ వెళ్ళిపోతే సాయంత్రం తాళం తీసుకుని ఖాళీ ఇంట్లోకి వెళ్ళాలి. తల దువ్వుకోమని తిట్టే దిక్కుండదు. ఆ గొంతు తనదేనని తెలిసి ఆమెకి సిగ్గేసింది.

మర్నాడు కంపెనీ మనిషి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మొదట డ్రైవరు లేచాడు. ఫోన్ నంబరు మీద ధైర్యంగా కర్ర ఆనించి, "హియర్ ఈజ్ న్యూజిలాండ్," అని రాసిచ్చిందంతా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. ఒక్క తప్పు లేదు. టీచరు ఎనిమిది వేసింది.

తల్లి వంతు వచ్చింది. ఆమె కర్ర తీసుకుంది, మ్యాపు వంక చూసింది, కర్ర కింద పెట్టేసింది.

"సార్. దిస్ మ్యాప్, నో న్యూజిలాండ్."

డైరెక్టరు దగ్గాడు. "రాసిచ్చింది చెప్పండమ్మా."

"చెప్తున్నా బాబూ." బల్ల మీది మార్కర్ తీసి, మ్యాపు చట్రం దాటి, కొత్తగా రంగేసిన గోడ మీద రెండు పెద్ద ఎండుమిరపకాయల్లాంటి బొమ్మలు ఒకదాని కింద ఒకటి గీసింది.

"గోడ! మొన్ననే రంగేయించాను!"

"మీ మ్యాపులో చోటు లేదు, నన్నేం చెయ్యమంటారు?" అని ఆయనకి చెప్పి, మళ్ళీ ఇంగ్లీషులోకి దిగింది. "న్యూజిలాండ్ ఈజ్ హియర్. టూ బిగ్ ఐలాండ్. డిసెంబర్, సమ్మర్. పీపుల్ లిటిల్, కౌ మోర్."

కంపెనీ మనిషి ముందుకు వంగాడు. అంత దూరం ఎందుకు వెళ్ళాలనుకుంటున్నావని ఇంగ్లీషులోనే అడిగాడు.

ఆ ప్రశ్న రాసిచ్చినదాంట్లో లేదు.

"ఆల్ పీపుల్ ఆస్క్ మీ వై. మై బ్రదర్ ఆస్క్. యూ ఆస్క్." డ్రైవరు వైపు వేలు చూపించింది. "నోబడీ ఆస్క్ డ్రైవర్."

డ్రైవరు తల వంచుకుని చొక్కా గుండీ సర్దుకున్నాడు.

"ఇది పాఠమే కాదు," అన్నాడు డైరెక్టరు. "ఐదు. తర్వాతివాళ్ళు రండి."

"మార్కులు వేసేది టీచరని చెప్పారు కదా?" అన్నాడు కంపెనీ మనిషి.

అందరి కళ్ళూ టీచరు మీదికి తిరిగాయి. తల్లివి తప్ప. తల్లి చేతికంటిన మార్కర్ మరక చీరకొంగుతో తుడుచుకుంటోంది, తనకేం పట్టనట్టు.

టీచరు లేచి నిలబడింది.

"ఏడు."

"ఏమిటీ?"

"ఏడు, సార్. విషయానికి తగ్గించడానికేం లేదు. అడిగినదానికి సొంతంగా జవాబు చెప్పింది ఇంతవరకూ ఆవిడొక్కరే. గ్రామర్లో మూడు పోయాయి."

"మీ అమ్మ కాబట్టి..."

"మా అమ్మ కాబట్టే ఐదు వెయ్యమని నిన్న మీరు చెప్పారు. ఇవాళ మా అమ్మ కాబట్టే ఏడు వేశానంటున్నారు. ఏదో ఒకటి తేల్చుకోండి సార్."

డైరెక్టరు ముఖం కందగడ్డలా అయింది. "పర్మనెంటు మాట మర్చిపో."

"మర్చిపోయాను సార్. తర్వాత ఎవరు?"

కంపెనీ మనిషి తన కాగితం మీద ఏడు వేసుకున్నాడు. "ఇంటర్వ్యూకి రమ్మనండి. వయసు సంగతి మా డాక్టరు చూసుకుంటాడు," అన్నాడు.

క్లాసయ్యాక ఇద్దరూ మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చారు. సందు మలుపు తిరిగాక తల్లి ఒక్కసారిగా విరుచుకుపడింది. "ఏడా? ఆ డ్రైవరుకి ఎనిమిది, నాకు ఏడా?"

"నోబడీ ఆస్క్ కాదమ్మా. నోబడీ ఆస్క్స్. చివర ఎస్ రావాలి."

"ఆ ఎస్సు లేకపోతే ఆయనకి అర్థం కాలేదా?"

"అయింది."

"మరి?"

"అయినా తప్పు తప్పే."

"కన్నతల్లినని కూడా చూడలేదు కదే నువ్వు!"

"చూసుంటే ఐదు వేసేదాన్ని."

తల్లి నడక ఆగింది. కూతురి ముఖంలోకి కాసేపు చూసింది. వెనక నుంచి ఎవరో సైకిల్ బెల్లు కొడితే ఇద్దరూ పక్కకి జరిగారు.

"సర్లే," అంది తల్లి, కూతురి చేయి పట్టుకుని రోడ్డు దాటిస్తూ. "ఇంటర్వ్యూలో మళ్ళీ అదే అడుగుతారు. మళ్ళీ అదే చెప్తాను. ఆ ఎస్సేదో ఎక్కడ పెట్టాలో ఇంటికెళ్ళేలోపు నేర్పు."