గుట్టు గీసిన బోర్డు

సంచులు కుట్టే అక్క నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటి మనిషి ఏడాదిన్నరగా ఒక రహస్యం దాచుకుంది! బట్టను కొరకని జిప్పు కనిపెట్టింది మరి. కిటుకంతా లోపలున్న చిన్న నాలుకలోనే ఉంది. "పేటెంటుకి దరఖాస్తు పడేదాకా అది బయటివాళ్ళ కంటపడకూడదు. పడిందో, కొత్తదనం పోయినట్టే," అని లాయరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. దరఖాస్తు వేసేది ఇవాళే. కొత్త దుకాణం తెరిచేదీ ఇవాళే.

పదింటికి జనం పోగయ్యారు. బోర్డు మీద గుడ్డ కప్పి ఉంది. లోగో వేసింది బోర్డులు రాసే తమ్ముడు; ఇంట్లో ఆ జిప్పు విప్పి చూసింది వాడొక్కడే. ఎలా వేశాడో చూద్దామని అక్క నిచ్చెనెక్కి అంచు ఎత్తింది. నిలువునా కోసినట్టు గీసిన జిప్పు, లోపల నాలుక, స్ప్రింగుతో సహా!

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! గుట్టంతా గోడకెక్కించావేంట్రా?"

"నీ కష్టమంతా అందులోనే ఉంది కదక్కా. అదే వేశా," అన్నాడు వాడు బిక్కమొహం వేసి.

అంతలో లాయరమ్మ ఫోను. "మీరు గీసిచ్చిన పటం నాకేమీ అర్థం కావట్లేదమ్మా. ఇది జిప్పా, కప్పా? సరైన పటం లేందే దరఖాస్తు వెయ్యలేను."

కింద ఎదురు దుకాణం సంచులాయన ఫోను పట్టుకుని అందరికంటే ముందు నిలబడ్డాడు. "ఏంటమ్మా ఆలస్యం? నేను లాగనా?" అంటూ గుడ్డ కొస అందుకున్నాడు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే!

"చెయ్యి తియ్యండన్నయ్యా!" అక్క గుడ్డను రెండు చేతులా అదిమి పట్టింది. ఆ క్షణంలోనే బుర్ర వెలిగింది. "ఒరేయ్, ఇందులో దూరు! నీ బొమ్మ ఫొటో తీసి లాయరమ్మకి పంపు!"

తమ్ముడు నిచ్చెన అవతలివైపు నుంచి ఎక్కి గుడ్డలో దూరాడు. బయటికి కాళ్ళే కనిపిస్తున్నాయి. జనం ఒకటే నవ్వు. అక్క సంచుల చరిత్ర మొదలుపెట్టి, అయిపోతే మళ్ళీ మొదట్నుంచి అందుకుంది.

ముప్పావుగంటకి ఫోను మోగింది. "ఇదీ పటమంటే! దరఖాస్తు పడింది, నంబరొచ్చింది. లోగోకి ట్రేడ్‌మార్కు వేరే, రేపు చూద్దాం."

అక్కకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. గుడ్డలోంచి బయటికొచ్చిన తమ్ముడి వీపు మీద ఒకటి చరిచి, తల మీద ముద్దు పెట్టి, గుడ్డ వదిలేసింది. అది సరాసరి సంచులాయన నెత్తిన పడింది. ఆయన విదిలించుకుని బోర్డు చూశాడు. కళ్ళు పెద్దవయ్యాయి. ఎవరూ చూడట్లేదనుకుని ఫోను మెల్లగా పైకెత్తాడు.

"మొహమాటం దేనికన్నయ్యా!" నిచ్చెన మీంచి అక్క కేకేసింది. "ఇంకా దగ్గరికి రండి, నాలుక సరిగ్గా పడాలి!"