రెండు ఊళ్లలోనూ సున్నా

“ఎలాగూ అటు వెళ్తున్నావుగా మీనా, టమాటాల ధర కూడా రాసుకురా,” అన్నాడు లెఫ్తేరిస్, గుమ్మం దగ్గర వంగి బూట్ల లేసులు ముడి వేసుకుంటూ.

ఆ “ఎలాగూ” వింటే చాలు, ఆసిమీనాకి ఒళ్లు మండుతుంది. ఆమె అటు ఎలాగూ వెళ్లడం లేదు. అటు అంటే వంతెన అవతల, స్వీడన్‌లోని మాల్మో. భర్త వెళ్లమన్నాడు కాబట్టి వెళ్తోంది. మూడేళ్ల కూతురు మిర్తోని తోపుడు బండిలో కూర్చోబెట్టి, కోపెన్‌హాగన్‌లో రైలెక్కి, సముద్రం దాటి, అవతలి దేశపు పోలీసులకి తన కార్డూ పిల్ల కార్డూ చూపించి, షాపు షాపుకీ తిరిగి పాలు ఎంత, రొట్టె ఎంత, పిల్లల చలికోటు ఎంత అని చిన్న నోటుబుక్కులో రాసుకోవాలి. సాయంత్రం ఇంటికి రాగానే అవే వస్తువులు కోపెన్‌హాగన్‌లో, తమ అమాగర్ పేటలో ఎంతున్నాయో చూడాలి. మూడు వారాలుగా మంగళవారం, గురువారం ఇదే పని. ఇరవై నాలుగు రకాల సరుకులు. టమాటాలతో ఇరవై అయిదు.

దీనికంతటికీ మూలం లెఫ్తేరిస్ ఆఫీసు. గాలిమరలు తయారుచేసే ఆ కంపెనీలో నెలకి నలుగురైదుగురు వేరే దేశాల నుంచి వచ్చి చేరుతుంటారు. వచ్చిన ప్రతివాళ్లూ మొదట అడిగేది ఒకటే. కోపెన్‌హాగన్‌లో ఉండమంటారా, వంతెన దాటి మాల్మోలో ఇల్లు తీసుకోమంటారా, ఎక్కడ చవక? ఒకరోజు మీటింగులో లెఫ్తేరిస్ చెయ్యెత్తి, రెండు ఊళ్ల ఖర్చులూ పోల్చి నేనొక పట్టిక తయారుచేస్తాను అన్నాడట. ఎత్తింది అతని చెయ్యి, నొప్పి పుట్టింది ఈమె కాళ్లకి. “నేను ఆఫీసులో కూర్చుని పాల ధరలు ఎక్కడ చూడను? నువ్వైతే ఖాళీయే కదా,” అన్నాడు. అప్పుడు ఆమె ఒక చేత్తో పిల్లకి సూప్ తాగిస్తూ, రెండో చేత్తో అతని చొక్కా కాలరు మీద మరక రుద్దుతోంది. మూడో చెయ్యి లేకపోవడమే ఖాళీ కాబోలు అనుకుంది.

తిరగడం ఒక ఎత్తు, మోయడం ఒక ఎత్తు. మాల్మోలో నీళ్లో, రసమో కొంటే సీసాకింత అని డిపాజిట్ కట్టాలి. ఖాళీ సీసా షాపులో మిషన్లో వేస్తే ఆ డబ్బు తిరిగి వస్తుంది. కానీ స్వీడన్ సీసాని డెన్మార్క్ మిషన్ ముట్టుకోదు. అమాగర్లో మొదటిసారి వేసి చూసింది. మిషన్ దాన్ని ఉమ్మేసినట్టు బయటికి తోసేసింది. వెనక వరసలో ఉన్న ముసలాయన నిట్టూర్చాడు. ఇంటికొచ్చి చెబితే లెఫ్తేరిస్ ఫోన్లోంచి తలెత్తకుండా, “ఈసారి వెళ్లినప్పుడు అక్కడే ఇచ్చిరా, అందులో ఏముంది,” అన్నాడు. అప్పట్నుంచి వీధి తలుపు వెనక ఒక సంచీ. వెళ్లిన ప్రతిసారీ మర్చిపోవడమో, పిల్ల బండి మీద చోటు లేకపోవడమో. ప్రస్తుతానికి అందులో పదహారు సీసాలున్నాయి. తలుపు తీసిన ప్రతిసారీ గలగలమంటాయి.

ఇక ఫెటా అనే గ్రీకు జున్ను సంగతి. గ్రీకు మనిషి పట్టికలో ఫెటా ధర లేకపోతే ఎలా? ఆమె తెచ్చిన మొదటి మూడు రకాలూ నాలిక మీద వేసుకుని, “ఇది ఫెటా ఏమిటి, సున్నం ముద్ద,” అని తోసేశాడు. ఆమె మాల్మోలో మోలెవాంగెన్ సంతకి వెళ్లి, అక్కడొక ఇరాకీ షాపాయనతో చేతులతో సైగలు చేసి మాట్లాడి, ఉప్పునీటి పీపాలోంచి అసలు సరుకు తీయించింది. అది తిని లెఫ్తేరిస్ కళ్లు మూసుకున్నాడు. “చూశావా, వెతికితే దొరకనిది ఉండదు,” అన్నాడు. వెతికింది తనే అన్నట్టు.

ఆదివారాలు పొద్దున్నే గ్రీసులోని వోలోస్ నుంచి అత్తగారు స్తమాత ఫోన్ చేస్తుంది. “ఆ చలిదేశంలో వాడొక్కడి సంపాదనతో ఎలా నెగ్గుకొస్తున్నాడో నా బిడ్డ. నువ్వు కాస్త పొదుపు చూసుకో అమ్మాయ్. నాలుగు షాపులు తిరిగితే నీకూ కాలక్షేపంగా ఉంటుంది.” ఆ వోలోస్‌లోనే, రేవు పక్క మందుల షాపులో, ఆసిమీనా ఎనిమిదేళ్లు ఫార్మసిస్టుగా నిలబడింది. చేపలవాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఆమెని అడిగేవాళ్లు, వెళ్లొచ్చాక కూడా ఆమెనే అడిగేవాళ్లు. ఆ విషయం అత్తగారికి తెలియక కాదు. ఆవిడ రక్తపోటు మాత్ర మార్పించింది కూడా ఈ కాలక్షేపం మనిషే. కానీ కోడలు దేశం దాటిందంటే ఆమె చదువు సరిహద్దు దగ్గరే ఆగిపోయిందని ఆవిడ లెక్క.

ఆగిపోలేదు. నోట్లో వేడి బంగాళాదుంప పెట్టుకుని మాట్లాడినట్టుండే డేనిష్ భాషని మూడేళ్లు నేర్చుకుంది. పిల్లకి పాలిస్తూ పాఠాలు వింది, గిన్నెలు కడుగుతూ అప్పజెప్పుకుంది. పరీక్ష రెండుసార్లు తప్పింది, మూడోసారి నెగ్గింది. అమాగర్లోనే, ఇంటికి పది నిమిషాల నడకలో ఉన్న మందుల షాపు నుంచి పోయిన నెల ఉత్తరం వచ్చింది. ఆగస్టు ఒకటిన చేరవచ్చు. నెలకి చేతికి ఇరవై నాలుగు వేల క్రోనర్లు. ఆ ఉత్తరం ఆమె మడత పడకుండా పెద్ద నిఘంటువులో దాచుకుంది. ఇక కావలసింది మిర్తోకి పిల్లల బడిలో చోటు. అది ఇస్తామని మున్సిపాలిటీ అంతకుముందు రెండుసార్లు రాసింది. రెండుసార్లూ లెఫ్తేరిసే ఫోన్లో “వద్దు” నొక్కాడు. “తల్లి ఇంట్లో ఉండగా ఫీజు దండగ కదా,” అని. మూడోసారి మళ్లీ వచ్చింది. సోమవారంలోపు జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే పేరు వరసలో చివరికి పోతుంది, ఆగస్టు ఒకటి కూడా దానితోపాటే పోతుంది.

“అన్నీ ఒకేసారి ఎందుకు? ముందు ఏ ఊరో తేలనీ,” అన్నాడు లెఫ్తేరిస్. తేలింది. మాల్మోలో మూడు గదుల ఇల్లు చూశాడు. అద్దె కాగితం తెచ్చి అల్మారా మీద పెట్టాడు. ఇంటివాళ్లకి భార్యాభర్తలిద్దరి సంతకాలూ కావాలట. తను పెట్టేశాడు. సోమవారం సెలవు పెట్టి, తనే వెళ్లి ఇచ్చి వస్తానన్నాడు. “మరి నా ఉద్యోగం?” అంటే, “అక్కడి పిల్లల బడి అయిదింటికి మూసేస్తారు, నీ షాపేమో ఆరింటిదాకా. మధ్యలో సముద్రం. ఎలా కుదురుతుంది చెప్పు? స్వీడిష్ కూడా ఇంచుమించు డేనిష్ లాంటిదే. మెల్లగా నేర్చుకో, అక్కడే ఏదో ఒకటి చూసుకుందువుగాని,” అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడు! మూడేళ్లు నేర్చిన భాషని తడిసిన గొడుగులా గుమ్మం దగ్గర వదిలేసి రమ్మన్నట్టు. అతను మరీ దుర్మార్గుడైతే బాగుండేదని ఆమెకి ఒక్కోసారి అనిపిస్తుంది. అరిచి పోట్లాడవచ్చు. అతను నవ్వుతూ, బుజ్జగిస్తూ, లెక్కలు చూపిస్తూ మాట్లాడతాడు. లెక్కలతో ఎలా పోట్లాడటం?

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పోర్చుగీసు దంపతులొచ్చారు. తొమే ఆ నెలే ఆఫీసులో చేరాడు. భార్య గ్రాసా పోర్తోలో పళ్ల డాక్టరు. అక్కడి క్లినిక్ మూసేసి అతని వెంట వచ్చింది. ఇల్లు ఎక్కడ తీసుకోవాలో సలహా కోసం వచ్చారు. ఆసిమీనా పొద్దున్నే లేచి పిండి పల్చగా సాగదీసి, పొరల మధ్య పాలకూరా ఆ మోలెవాంగెన్ ఫెటా పెట్టి స్పనకోపితా కాల్చింది. తొమే మూడో ముక్క తీసుకుంటున్నాడు. లెఫ్తేరిస్ పట్టిక ప్రింటు తెచ్చి, వడ్డించినట్టే గ్రాసా ముందు పెట్టాడు.

“మొత్తం కూడితే మాల్మోలో నెలకి నాలుగు వేల రెండొందలు మిగులు,” అన్నాడు. “మా డైరెక్టరుగారు దీన్ని అందరికీ పంపించారు. ఇంత ఓపిగ్గా ఎవరూ చేయలేదు అన్నారు.”

“నిజంగా ఓపికే,” అన్నాడు తొమే నోరారా. “చలికోట్లు కూడా వదల్లేదు!”

గ్రాసా వేలుతో ఒక్కొక్క వరసా చదువుతూ పోయి, ఒకచోట ఆగింది. “ఇదేమిటి? ‘పిల్లల సంరక్షణ, వంట, ఇంటి పని. కోపెన్‌హాగన్ సున్నా, మాల్మో సున్నా.’ ఇది రెండు ఊళ్లలోనూ ఉచితమా? ఎవరు చేసిపెడతారు?”

లెఫ్తేరిస్ కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. “అది బజార్లో దొరికే సరుకు కాదండీ. అందుకు ముందు ఒక ఆసిమీనాని పెళ్లి చేసుకోవాలి!”

తొమేకి పొలమారేంత నవ్వొచ్చింది. “అయితే ఫరవాలేదు, నాకూ ఒక గ్రాసా ఉంది. మేమూ సున్నా వేసుకోవచ్చు!”

గ్రాసా నవ్వలేదు. కాగితం ఆసిమీనా వైపు జరిపింది. “మీరు చూశారా దీన్ని?”

ఆసిమీనా చూడలేదు. నోటుబుక్కు ఇచ్చిన తర్వాత ఆమెకి ఎవరూ ఏమీ చూపించలేదు. ఇప్పుడు చూసింది. అవన్నీ ఆమె అంకెలే. వానలో రాసుకున్న పాల ధర, పిల్ల ఏడుస్తుంటే నిలబడి రాసుకున్న సబ్బు ధర, సైగలతో సంపాదించిన ఫెటా ధర. పైన పేరు ఒక్కటే, లెఫ్తేరిస్‌ది. కింద ఇంకో వరస కూడా కనిపించింది. “వంతెన రైలు పాసు: ఒకరికి.” ఒకరికి! అంటే ఆగస్టులో ఆమె ఎక్కడికీ వెళ్లదని ఈ కాగితానికి ఎప్పుడో తెలుసు. ఇంట్లో బుజ్జగింపులు జరుగుతున్నప్పుడే ఇక్కడ తీర్పు అచ్చయిపోయింది. రెండు ఊళ్ల మధ్య ఇంత సముద్రం ఉంది. ఉప్పు ధర వేరు, టమాటా ధర వేరు, ఆఖరికి ఖాళీ సీసా విలువ కూడా వేరు. ఇటూ అటూ ఒకే ధర పలికింది తనొక్కతే. ఖాళీ సీసాకైనా మిషన్ ఏదో ఒకటి చేతిలో పెడుతుంది. మూడేళ్లుగా పొద్దున లేచింది, వండింది, తుడిచింది, పిల్లకి జ్వరమొస్తే ఒళ్లో వేసుకు కూర్చుంది, ఈ దిక్కుమాలిన పట్టిక కోసం పిల్ల బండి తోసింది, అంతా కలిపి సున్నా. దాని మీద జోకు, ఆ జోకుకి నవ్వు, ఆ నవ్వేవాడి పళ్లెంలో ఆమె చేసిన వంట. ఆమెకి కన్నీళ్లు రాలేదు. కోపం వచ్చింది. కడుపు నిండా, శుభ్రంగా, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేని కోపం.

లేచి అల్మారా దగ్గరికి వెళ్లింది. అద్దె కాగితం పక్కన సంతకం కోసం పెట్టిన పెన్ను తీసుకుంది.

“అబ్బ, ఇప్పుడే పెట్టేస్తున్నావా? మంచిది,” అన్నాడు లెఫ్తేరిస్.

ఆమె వచ్చి కూర్చుని, పట్టికలో రెండు సున్నాలూ కొట్టేసింది. కోపెన్‌హాగన్ కింద పిల్లల బడి ఫీజు రాసింది, మూడు వేల ఆరొందలు. మాల్మో కింద ఇరవై నాలుగు వేలు రాసింది.

“అదేం అంకె?”

“నా జీతం. మాల్మో వెళ్తే పోయేది.”

“జీతం ఖర్చెలా అవుతుంది మీనా? నువ్వింకా చేరనే లేదు,” అన్నాడు లెఫ్తేరిస్, చిన్నపిల్లకి చెప్పినట్టు మెత్తగా.

“ఆ ఊరు వెళ్లడానికి నువ్వు కట్టమంటున్నది అదేగా లెఫ్తేరీ. కట్టేది నేను కాబట్టి నీ లెక్కలోకి రాలేదు.”

తొమే నవ్వు ఆపి, ఇంజనీరు కదా, చెయ్యి ఊరుకోక ఫోన్లో కూడిక మొదలుపెట్టాడు. “అరె! ఇలా చూస్తే మాల్మోయే పదహారు వేల పైన ఎక్కువ పడుతోంది,” అన్నాడు. అని గ్రాసా వైపు చూశాడు. గ్రాసా అతన్నే చూస్తోంది. “మన పట్టికలో పళ్ల డాక్టరు జీతం ఏ వరసలో రాస్తావు తొమే?” అనడిగింది. అతను ఫోను బోర్లా పెట్టేశాడు.

“వాళ్ల ముందు ఇదంతా ఎందుకు?” లెఫ్తేరిస్ గొంతు తగ్గించాడు. “తర్వాత మాట్లాడుకుందాం. రేపు ఇంటివాళ్లకి ఏం చెప్పను? వాళ్లు ఎదురుచూస్తుంటారు.”

వాళ్ల ముందు జోకు వేయవచ్చు, జవాబు మాత్రం తర్వాతనా? ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. అనలేదు. అనడం కంటే ముఖ్యమైన పని ఒకటుంది. ఫోన్ తీసి మున్సిపాలిటీ ఉత్తరం తెరిచింది. డేనిష్‌లో ఉన్న నాలుగు వాక్యాలనీ తొందరపడకుండా చదివింది. ఒక్క మాటకీ నిఘంటువు అక్కర్లేకపోయింది. “అంగీకరిస్తున్నాను” నొక్కింది. మిర్తో బల్ల కిందనుంచి వచ్చి ఆమె ఒళ్లోకి ఎక్కుతూ, ఏం చేశావమ్మా అనడిగింది. “నీకు బడి, నాకు ఉద్యోగం,” అని పిల్ల జుట్టు సర్దింది.

తర్వాత లేచి, తన సంతకం లేని అద్దె కాగితాన్ని మడిచి లెఫ్తేరిస్ పళ్లెం పక్కన పెట్టింది. తలుపు వెనక సంచీ తెచ్చి అతని కుర్చీ కాలికి ఆనించింది. పదహారు సీసాలు గలగలమన్నాయి.

“రేపు ఎలాగూ అటు వెళ్తున్నావుగా లెఫ్తేరీ,” అంది. “ఆ ఇల్లు మనకి వద్దని చెప్పేసి, ఇవి కూడా ఇచ్చేసి రా.”