ఒడీల్ ఎడమ కన్ను

నాలుగో రోజు కూడా బొమ్మ వేస్తూ సిడోనీ ఆ కంటి దగ్గరే ఆగిపోయింది.

ఒడీల్‌కి నాలుగేళ్లు. పాసీ పేటలోని వాళ్ల ఇంట్లో, కిటికీ పక్క నీడలో, చెక్క గుర్రంతో కూర్చుని ఉంది. కుడి కంటిపాప నల్లగానే ఉంది. తల కాస్త తిప్పినప్పుడల్లా ఎడమ కంట్లో మాత్రం పిల్లి కంట్లోలా తెల్లటి మెరుపు.

నీడ నీలంగా కనిపిస్తే నీలంగానే వేసే మనిషి సిడోనీ. ఆ మెరుపునీ చిన్న తెల్ల చుక్కగా పెట్టింది.

సాయంత్రం తండ్రి గ్రాంవాల్ వచ్చి బొమ్మ చూశాడు. ముఖం జేవురించింది.

"ఇదేంటి మేడమ్? నా కూతురికి గుడ్డికన్ను పెట్టారా?"

"నేను పెట్టలేదండీ. ఉన్నదే వేశాను."

"మీ కొత్తరకం చిత్రకారుల గుంపంతా ఇంతేగా! చెట్లకి ఊదారంగు పూయడం అయింది, ఇప్పుడు పసిదాని మీద పడ్డారు. తుడిచెయ్యండి!"

అతని భార్య క్లెమాన్స్ గుమ్మంలోనే నిలబడిపోయింది.

గుడ్డపీలిక సిడోనీ చేతిలోనే ఉంది. ఒక్కసారి తుడిస్తే గొడవ ఉండదు. పీలిక కింద పడేసి, పాప ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"ఒడీల్, ఓ ఆట ఆడదామా?"

అరచేత్తో పాప కుడి కన్ను మూసి, గుర్రాన్ని జానెడు దూరంలో పట్టుకుంది. "నా చేతిలో ఏముందో చెప్పు?"

పాప నవ్వుతూ గాల్లో తడిమింది. గుర్రం చేతికి తగల్లేదు.

"కనపట్లేదు. ఇటుపక్క ఎప్పుడూ చీకటేగా!"

సిడోనీ పాప కంటి మీది చెయ్యి తీసింది.

"నెల నుంచీ తలుపులకి గుద్దుకుంటోంది," అంది క్లెమాన్స్. "అల్లరనుకున్నాను. మొన్న చెంపదెబ్బ కూడా కొట్టాను."

"బండి సిద్ధం చెయ్యమను!" గ్రాంవాల్ అరిచాడు.

కంటి లోపల కణితి ఉందన్నాడు డాక్టరు. కన్ను తీసెయ్యకపోతే ప్రాణానికే ముప్పట. ఆపరేషన్ అయిందని సిడోనీకి కబురొచ్చింది. ఆ తర్వాత నెలన్నర ఏ కబురూ లేదు. ఆమె కుంచె ముట్టలేదు. తలుపు చప్పుడైతే చాలు, లేచి పరుగెత్తేది.

ఒక ఉదయం గ్రాంవాల్ స్వయంగా వచ్చాడు. గుమ్మంలోనే టోపీ తీశాడు.

"రెండో కన్ను బాగుందన్నారు. బతుకుతుందట."

సిడోనీ అతనికి కుర్చీ జరిపింది. "పాప ఏం చేస్తోంది?" అని అడిగింది.

"మెట్లెక్కడం మళ్లీ నేర్చుకుంటోంది," అన్నాడతను. "చెయ్యి పట్టుకుంటానంటే కసురుకుంటోంది."