ఊడని గుండీలు

కూతురు మారథాన్‌కి సాధన మొదలుపెట్టగానే దర్జీకి కొత్త పని పడింది. పరుగు మధ్యలో శక్తి కోసం తినే జెల్లులు ఎన్ని కొనుక్కొచ్చినా ఆమె కడుపులో ఇమడటం లేదు. ఉడకబెట్టి ఉప్పద్దిన చిన్న బంగాళాదుంపలైతే హాయిగా అరుగుతున్నాయి. వాటిని మోసుకెళ్లడానికి ఆయన నడుముకి ఆరు జేబుల పట్టీ కుట్టాడు. జేబుకో మూత, మూతకో గుండీ.

ఆదివారం ముప్పై కిలోమీటర్లు పరిగెత్తుతానని వెళ్లిన పిల్ల ఇరవై రెండు దగ్గరే కళ్లు తిరిగి, బస్సెక్కి వచ్చింది. ఆరు దుంపలూ జేబుల్లోనే ఉన్నాయి.

"తినడానిక్కూడా బద్ధకమేనా?" దర్జీ అంతెత్తున లేచాడు.

"చెమట చేతుల్తో, పరిగెడుతూ గుండీ ఎలా తియ్యమంటావ్ నాన్నా?"

"ముప్పై ఏళ్లలో నేను కుట్టిన గుండీ ఊడిందని ఒక్కడూ అన్లేదు, తెలుసా!"

"అదే కదా నా ఖర్మ!"

మర్నాడు కొట్టు తెరవకముందే దర్జీ ఆ పట్టీ తనే కట్టుకుని, మెడలో టేపుతో వీధి ఈ చివర నుంచి ఆ చివరికి పరిగెత్తాడు. పరుగులో ఎంత తియ్యబోయినా ఒక్క గుండీ వస్తే ఒట్టు. రొప్పుతూ వచ్చి ఆరింటినీ కత్తిరించేసి, మూతలు పీకి, జేబుల అంచులకు ఎలాస్టిక్ వేశాడు.

మళ్లీ ఆదివారం కూతురు ముప్పై కిలోమీటర్లూ ముగించి, నవ్వుకుంటూ ఇంట్లోకి వచ్చింది. ఎంతసేపు పట్టిందని దర్జీ అడగలేదు. జేబులన్నీ తిరగేసి దులిపాడు. కాస్త ఉప్పు తప్ప ఏమీ రాలలేదు.

"మారథానంటే నలభై రెండు కదూ?" అంటూ మెడలోంచి టేపు తీశాడు. "కదలకుండా నిలబడు. ఇంకో మూడు జేబులు పడతాయేమో చూద్దాం."