వెల్ల వేసిన బకెట్టు

ముందే ఒప్పేసుకుంటున్నాను: ఈ కథలో మట్టి పరీక్ష చేసే అమ్మాయికి ఆ రోజు మట్టి మొహం చూడాలని అస్సలు లేదు. నూట పన్నెండు గ్లాసుల్లో మట్టీ నీళ్లూ కలిపి, కదిపి, కొలిచేసరికి ఆమె నడుం ఆమె మాట వినడం మానేసింది. నూట పదమూడో గ్లాసు ఆమె పిన్నిది.

ఆమ్లం కొలిచే మీటరు ఏడున్నర చూపించింది. ఏడు దాటిందంటే నేలలో ఆమ్లం లేదు, సున్నం అక్కర్లేదు. అదే రాసేసి ఇంటికి పోవచ్చు. కానీ పిన్ని పొలంలో రెండేళ్లుగా చిక్కుడు పసుపెక్కి, వేళ్లు మొద్దుబారి చచ్చిపోతోంది. చుట్టుపక్కల పొలాల మట్టి ఐదు కూడా దాటలేదు. ఏడాదికొక్కసారి వచ్చే సున్నం లారీకి పేర్లు ఇవాళ ఐదింటిదాకే రాసుకుంటారు. పేరు ఎక్కకపోతే మూడో పంటా గోవిందా.

గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్న పిన్ని మెడ చాచింది. "ఏమైందే? పాసా, ఫెయిలా?"

"పాసే పిన్నీ. అదే నా అనుమానం."

"పాసైనా ఏడుపేనా నీకు?"

"చుట్టూ అందరూ ఫెయిలై నువ్వొక్కదానివే ఫస్ట్ క్లాసంటే, కాపీ కొట్టినట్టే."

అమ్మాయి ఉసూరుమంటూ లేచి, మిగిలిన పొడి మట్టి మీద పలుచటి యాసిడ్ చుక్క వేసింది. సోడాలా బుస్సున పొంగింది. అలా పొంగేది సున్నమే. సున్నం మొహమే ఎరుగని పొలంలోకి అదెలా వచ్చింది?

"మట్టి దేంట్లో కలిపావు పిన్నీ?"

"ప్లాస్టిక్ బకెట్లో. ఇనుము వాడొద్దని మీ కాగితంలో ఉందిగా! శుభ్రంగా ఉన్న ఇనప తట్ట పక్కన పడేసి మరీ కలిపాను. పదిహేను చోట్ల తవ్వా, జానెడు లోతు."

"ఏ బకెట్టు?"

"మనింట్లో ఏమన్నా బకెట్ల కొట్టుందా? గోడలకి వెల్ల వేసిందే. రెండుసార్లు కడిగాలే."

ఆ కాగితం రాసింది ఈ అమ్మాయే. ఇనప తట్ట వాడితే మట్టిలో ఇనుము లెక్క తప్పుతుందని అంత జాగ్రత్తగా రాసింది. వెల్ల బకెట్టు ఆమె బుర్రకే తట్టలేదు.

గడియారం రెండు చూపిస్తోంది.

"పద పిన్నీ, మళ్లీ తవ్వాలి."

"మళ్లీనా? నా మోకాళ్లు రానంటున్నాయే."

"నా నడుం వస్తోందిగా, తోడు తెచ్చుకో."

పొలంలో ఒకరు తవ్వితే ఒకరు కొత్త సంచి పట్టుకున్నారు. ఏడో గుంట దగ్గర పార చేతులు మారింది. పదిహేనో గుంటతో సంచి నిండింది. ఎండబెట్టే తీరిక లేక తడి మట్టినే జల్లించి, నీళ్లు కలిపి, అరగంట గ్లాసు ముందు కూలబడ్డారు.

నాలుగు పాయింట్ ఎనిమిది.

"ఫెయిలయ్యావు పిన్నీ."

"నా తల్లే! ఫెయిలైనందుకు ఇంత సంతోషం నా జన్మలో లేదు."

ఎంత సున్నం పడుతుందో తేల్చే ద్రావణం కూడా కలిపి చూసింది. ఎకరాకి టన్నున్నర. ఐదుకి పది నిమిషాలుందనగా జాబితా రాసే గుమాస్తాకి ఫోన్ చేస్తే పేరు ఎక్కించాడు.

పిన్ని కుంటుతూ వెళ్లిపోయింది. అమ్మాయి మాత్రం రిజిస్టరు ముందుకి జరిగింది. ఏడు దాటినవి ఇవాళ ఇంకో మూడున్నాయి. యాసిడ్ సీసా మూత తీసి చుక్కలు వేసింది. మూడూ పొంగాయి.

మళ్లీ గుమాస్తాకే ఫోన్. "జాబితా మూసేయకండి. ఇంకో ముగ్గుర్ని నేనే తప్పుగా పాస్ చేశాను."

"రేపు పదింటిదాకా ఆపుతా. ఆ తర్వాత నన్నడక్కు."

ఆమె నడుం మీద చెయ్యేసుకుని మొదటి రైతు నంబరు నొక్కింది. "మట్టి దేంట్లో కలిపారండీ?"

చెప్పింది చెప్పినట్టు చేసి బోల్తా పడ్డ సంగతులు మీ ఇంట్లోనూ ఉండే ఉంటాయి. రాసి పంపండి. బకెట్టు ఏదో మాత్రం తప్పకుండా చెప్పండి.