మూగ టీవీలో మా అమ్మాయి

మా లాండ్రీలో టీవీకి నోరు లేదు. ఉన్నా ఉపయోగం లేదు. ఆస్పత్రి దుప్పట్లూ హోటళ్ళ తువ్వాళ్ళూ తిప్పే మిషన్లు పొద్దున మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా గోల పెడుతూనే ఉంటాయి. పక్క మనిషిని పిలవాలంటే భుజం తట్టాలి. బట్టలకోసం వచ్చి కూర్చునేవాళ్ళకు పొద్దుపోవాలని యజమాని గోడకొక టీవీ తగిలించి, ఎలాగూ వినపడదని దాని గొంతు నొక్కేశాడు. ఊళ్ళో ప్రతి టీవీకీ ఆ పని చేస్తే సగం కొంపలు బాగుపడేవి.

మా అమ్మాయి ‘ఒకే ఇల్లు’ అనే షోలో ఉన్నన్నాళ్ళూ నేను ఆ మూగ టీవీలోనే చూశాను. ఇంటికి చేరేసరికి షో అయిపోయేది. నా భార్య ఇంట్లో శబ్దంతో చూసేది. అందుకే మేమిద్దరం చూసింది ఒక్క పిల్లని కాదు.

ఆ షో ఏమిటంటే, ముక్కూమొహం తెలియనివాళ్ళను కొందరిని ఒక ఇంట్లో పెట్టి తాళం వేస్తారు. గోడగోడకీ కెమెరా. వాళ్ళు తిన్నదీ తిట్టుకున్నదీ కోసి, కుట్టి, రోజూ సాయంత్రం చూపిస్తారు. నచ్చనివాళ్ళను జనం ఓట్లేసి బయటికి పంపుతారు. పైకి అలా చెబుతారు గాని, వాళ్ళు మనుషుల్ని తీసుకోరు. అచ్చులు ముందే పోసి పెట్టుకుని, వాటిలో పట్టేవాళ్ళను వెతుక్కుంటారు. ఒక అమాయకురాలు కావాలి, ఒక మొద్దబ్బాయి కావాలి, ఒక గయ్యాళి కావాలి.

మా అమ్మాయి పిల్లలకు ఈత నేర్పుతుంది. అసలే నా రంగు, దానికి తోడు రోజంతా కొలను గట్టున ఎండ. చెవుల్లో నీళ్ళు నిండిన పిల్లలకు వినపడాలి కాబట్టి గొంతు కూడా పెద్దదే. అన్నం దగ్గర కూర్చుని “అమ్మా, ఉప్పు” అంటే వీధి చివరివాళ్ళు తెచ్చిచ్చేలా ఉండేది. షోవాళ్ళు ఆ రంగు చూశారు, ఆ గొంతు విన్నారు. ఇంక వేరే వెతుకులాట ఎందుకు? తెల్లటి పిల్ల అరిస్తే చిలిపితనం, నల్లటి పిల్ల అరిస్తే గయ్యాళితనం. ఆరో తరగతితో బడి మానేసినవాణ్ణి, నాకూ తెలిసిన లెక్క ఇది.

తెల్లటి పిల్ల కూడా ఉంది. జనం ‘వెన్నముద్ద’ అని పేరు పెట్టారు. బయట ఆ అమ్మాయి హైస్కూల్లో లెక్కల టీచరట. ఆ ముక్క అచ్చులో పట్టలేదు కాబోలు, కత్తిరించేసి, అద్దం ముందు కూర్చున్న ముక్కలే చూపించారు.

ఒకరోజు ఆ ఇంటి పెరట్లోని కొలను దగ్గర మా అమ్మాయి వెన్నముద్దను జుట్టు పట్టుకుని గట్టు మీదికి ఈడ్చింది. మీద పడి అరిచింది. ఆ పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది. టీవీలో చూపించింది అంతే. ఆ వారమే మా అమ్మాయిని బయటికి పంపేశారు. తారల కబుర్లు చెప్పే షోలన్నీ ఆ ముక్కే తిప్పితిప్పి వేశాయి, కింద డప్పుల మోత పెట్టి.

జరిగింది ఇంటికొచ్చాక చెప్పింది. వెన్నముద్ద కాలు జారి లోతులో పడింది. నీళ్ళు మింగింది. మునిగేవాళ్ళను చేతికి అందిన చోట పట్టుకోవాలి, అందింది జుట్టే. బయటికి లాగి, కళ్ళు మూయొద్దని అరిచింది. జారడం మటుకు ఎవరూ చూపించలేదు. షో సంగతులు బయట మాట్లాడకూడదని ఇద్దరి చేతా సంతకాలు పెట్టించుకున్నారు కాబట్టి వెన్నముద్దా నోరు విప్పలేదు. తను ఈత నేర్పే కొలను మేనేజరు పిలిచి, “పిల్లల తల్లులు భయపడుతున్నారమ్మా, కొన్నాళ్ళు ఇంట్లో ఉండు” అన్నాడు.

అప్పటినుంచి మా ఇంట్లో గొంతు పోయింది. ఉప్పు కావాలంటే అదే లేచి వెళ్ళి తెచ్చుకునేది. ఏదైనా చెబితే నేను చెవి ఒగ్గాల్సి వచ్చేది.

ఈలోగా షో నడిపే మేడమ్ ఫోను చేసింది. ‘మారిన మనిషి’ అని ఒక ప్రత్యేక కార్యక్రమమట. మా అమ్మాయి లేత గులాబీ బట్టలు కట్టుకుని, మొహానికి రంగు తేలేలా ఏదో పూయించుకుని, మెత్తగా మాట్లాడుతూ వెన్నముద్ద చేతులు పట్టుకుని క్షమించమని అడగాలి. మా అమ్మాయి అద్దం ముందు నిలబడి ఆ మెత్తదనం నేర్చుకోవడం నేను తలుపు సందులోంచి చూశాను.

“చెయ్యని తప్పుకి క్షమాపణేంటి?” అన్నాను నా భార్యతో.

“ఒక్కమాట అనేస్తే పోయేదేముంది? పిల్ల మళ్ళీ వీధిలో తలెత్తుకు తిరుగుతుంది. మీకేం తెలుసు, మీరు వినలేదు. అదెలా అరిచిందో నేను విన్నాను.”

“నువ్వు విన్నది డప్పుల్ని.”

“ఆ, మొదలెట్టారు. మీకు లోకంలో అందరూ దొంగలే.”

అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. “అమ్మ అన్నది నిజమే నాన్నా,” అంది, గాలి కదిలినట్టు. “నేనూ చూశాను కదా, ఎన్నిసార్లో. చూసినకొద్దీ నేను అలాంటిదాన్నేనేమో అనిపిస్తోంది.”

జరిగింది దానికి గుర్తుంది. గుర్తున్నదాని మీద నమ్మకమే పోయింది. ఆ గులాబీ బట్టలు ఒక్కసారి కట్టుకుంటే ఇంక విప్పదని భయమేసింది.

మర్నాడు మధ్యాహ్నం వాళ్ళమ్మ దాని చేత నాకు అన్నం క్యారియర్ పంపింది. మొహానికి చున్నీ చుట్టుకుని వచ్చింది. ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే పెద్దావిడను మేమంతా పిన్ని అంటాం. ఆవిడ చున్నీ లాగేసి, “దొంగలా ఆ ముసుగేంటే? మీ నాన్న మొహం చూసి అలవాటైనవాళ్ళం, నీది మాకొక లెక్కా?” అని దాని చెవిలో అరిచింది.

అప్పుడే గోడ మీద ఆ షో మళ్ళీ వేస్తున్నారు. కొలను, గట్టు, అదే ముక్క. అమ్మాయి గిరుక్కున తిరిగింది. నేను చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టాను.

“చూడు,” అన్నాను చెవి దగ్గర.

తల అడ్డంగా ఊపింది.

“నీ కళ్ళు చూడవే తల్లీ. కోపమొచ్చినవాడు ఎదుటివాడి కళ్ళలోకి చూస్తాడు. నువ్వు ఆ పిల్ల నోటికేసి చూస్తున్నావు. ఊపిరి ఆడుతోందా లేదా అని.”

పిన్ని మధ్యలో దూరింది. “ఆవేళ మీ నాన్న తడి దుప్పట్లన్నీ నేల మీద పారేశాడు. ‘మా పిల్ల ఎవర్నో బతికించింది’ అని ఒకటే గంతులు. మేమూ అదే అనుకున్నాం. ఇంకోలా అనుకోవచ్చని మాకెవరు చెప్పారు? తర్వాత నిన్ను పంపేశారంటే, ప్రాణం కాపాడితే పంపేస్తారా, ఇదేం ఆటే అని తిట్టుకున్నాం.”

“వీళ్ళందరూనా?” అన్నట్టు నావైపు చూసింది. అందరూనే. మూటలు కట్టేవాడు, బండి తోలేవాడు, గుండీలు కుట్టే ఆవిడ.

“కాకిపిల్ల కాకికి ముద్దంటారు,” అంది పిన్ని. “ఈ కాకికి ఆ ముద్దు చెప్పుకోవడం చేతకాదు. ఇంట్లో నోరు మూసుకుని కూర్చుంటాడు, ఇక్కడికొచ్చి మా బుర్రలు తింటాడు.”

అమ్మాయి టీవీ వైపు తిరిగింది. కాసేపటికి పెదాలు కదిలాయి.

“వినపడలేదు,” అన్నాను.

మళ్ళీ కదిలాయి. మిషన్లు మింగేశాయి. నేను చెవి మీద చెయ్యి పెట్టుకున్నాను.

“తడిసుంది నాన్నా,” అని అరిచింది. “తన జుట్టు కారుతోంది చూడు. బట్టలన్నీ తడిసిపోయాయి. నీళ్ళలోంచి వచ్చిందని కనపడుతూనే ఉంది. ఇన్నిసార్లు చూశాను, నాకే కనపడలేదేంటి?”

గుండీలు కుట్టే ఆవిడ ఉలిక్కిపడి సూది వదిలేసింది. అమ్మాయి ముక్కుపుటాలు అదిరాయి, కనుబొమలు ముడిపడ్డాయి. లోకమంతా కోపం అనుకున్న మొహం అదే. మా అమ్మ ఏడుపు ఆపుకున్నా అలాగే ఉండేది, నేను ఆపుకున్నా అలాగే ఉంటాను. ఈసారి అది ఆపుకోలేదు. నేను మిషను దగ్గరికి వెళ్ళి, పనున్నట్టు మీటలు తుడిచాను.

దాని చేతిలో ఫోను వెలిగింది. షో మేడమే. బయటికి వెళ్ళి మాట్లాడుతుందనుకున్నాను. అక్కడే నిలబడింది.

“వినపడుతోందాండీ? నేను రావట్లేదు. లేదండీ, రాను. చెయ్యని తప్పు ఒప్పుకోను.” ఆ తర్వాత కొంచెంసేపు విని, “కోపం కాదండీ, నా గొంతే ఇంత,” అంది.

ఆ సాయంత్రం కబుర్ల షోలో ‘గయ్యాళి మళ్ళీ రెచ్చిపోయింది’ అని వేసుకునే ఉంటారు. వాళ్ళ బతుకు వాళ్ళది. కొలనుకి దాన్ని ఎప్పుడు పిలుస్తారో, అసలు పిలుస్తారో లేదో నాకు తెలియదు. వెళ్ళి మేనేజరుతో తనే మాట్లాడతానంది. పాపం మేనేజరు.

ఫోను జేబులో పెట్టుకున్నాక ఇంటికి పోలేదు. అప్పుడే ఆరి వచ్చిన పెద్ద దుప్పట్లు మడత పెట్టాలి, అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. చెప్పకుండానే వచ్చి ఆ చివర పట్టుకుంది. ఇద్దరం వెనక్కి జరిగి లాగాం.

“నాన్నా, నీ వైపు వదులైంది,” అని అరిచింది.

నేను బిగించి పట్టుకున్నాను.